తోలు సంచి కుట్టుడు: మొదటి పని, మొదటి లెక్క

(మన సమాఖ్య వార్షిక మహాసభలో, తోలు పని నేర్పుతున్న ఒక గ్రామ సంఘం సభ్యురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన సభ్యుల కోసం, ఆమె మాట్లాడిన తీరులోనే ఇక్కడ అచ్చు వేస్తున్నాం.)



పొద్దటి నుంచి పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు, స్త్రీనిధి వాయిదాల లెక్కలు విని మీరు అలిసిపోయి ఉన్నరు. నేను కాగితాలేమీ తేలేదు. ఒక చిన్న తోలు సంచి తెచ్చిన. ఇది ముందు వరుస నుంచి వెనుక వరుస దాకా చేతులు మారుకుంట పోవాలె. పట్టుకొని చూడండి, వంచి చూడండి, కుట్టు పట్టి లాగి చూడండి, తెగదు. ఇందులో ఒక తప్పు ఉన్నది. నా మాట అయిపోయేలోపల ఆ తప్పు ఎవరు పడుతరో చూస్త.

ముక్కు మూసుకునే సంగతి ముందు మాట్లాడుకుందాం

తోలు పని నేర్పుతం రండి అని ఊర్లల్లకు పోతే మొదట అయ్యేది ఒక్కటే. సగం మంది ముక్కు మూసుకుంటరు. ఇంకో సగం మంది నవ్వి తల దించుకుంటరు. ముక్కు మూసుకునేవాళ్లు ఎవరో, తల దించుకునేవాళ్లు ఎవరో నేను చెప్పాల్సిన పని లేదు.

నేను మాదిగింటి బిడ్డను. మా తాత లంద మీద బతికిన మనిషి. లంద అంటే ఇప్పటి పిల్లలకు తెల్వదు. తోళ్లు నానబెట్టి ఊనేసే తొట్టి. పచ్చితోలును ముందు సున్నంల నానబెట్టి వెంట్రుక ఊడదీసేది. లోపలి కండ గీకేది. తర్వాత తంగేడు చెక్క దంచి, ఆ రసంల రోజులకు రోజులు ఊరబెట్టేది. మనం బతుకమ్మకు తెచ్చుకునే తంగేడు, మన రాష్ట్ర పువ్వు అయిన తంగేడు, అదే చెట్టు బెరడు. కొందరు అడవి నుంచి తెచ్చిన కరక్కాయ కూడా కలిపేది. అట్ల ఊనిన తోలు కుళ్లదు, ఏండ్లకు ఏండ్లు ఉంటది.

ఆ తోలు లేకుంటే అప్పుడు ఊరు నడవకపోయేది. బావిల నుంచి నీళ్లు తోడే మోటకు బొక్కెన తోలుదే. ఎడ్ల మెడ పట్టెలు తోలువే. చెప్పులు తోలువే. పెండ్లయినా, చావయినా, బతుకమ్మ అయినా మోగే డప్పు తోలుదే. వ్యవసాయం మొత్తం ఆ బొక్కెన మీద నడిచింది. బొక్కెన కుట్టినోని నీడ మాత్రం పనికి రాకపాయె.

నేను బడికి పోయినప్పుడు మా బాపు ఏం పని చేస్తడని అడిగితే కూలికి పోతడని చెప్పేదాన్ని. మా బాపు చెప్పులు కుట్టేటోడు. ఆయన చేతి చెప్పు మూడేండ్లు తెగకపోయేది. ఆ మాట నేను ఒక్కనాడు కూడా బడిల చెప్పలే. ఇప్పుడు మీ అందరి ముందల మైకుల చెప్తున్న. ఇంత ఆలస్యం చేసినందుకు నాకు సిగ్గుగా ఉన్నది.

ఇంకో మాట. మనం లంద పెడుతలేము. పచ్చితోలు ముట్టుడు లేదు, సున్నం లేదు, వాసన లేదు. ఊనిన తోలు బట్టల దుకాణంల తాను కొన్నట్టే కొంటం. కొలిచి, కోసి, కుడుతం. అంతే. చెప్పులు తొడుక్కుంటం, బెల్టు పెట్టుకుంటం, పర్సు జేబుల పెట్టుకుంటం. అవి అంటని చేతికి సూది పట్టుకుంటే ఏమంటుతది?

ఎవరి చెయ్యి పనికొస్తది

మా ఊర్ల మొదటి శిక్షణకు 12 మంది సంఘంల 3 గురు వచ్చిన్రు. అందుల ఒక అక్క వేరే కులం. చాటుగ వచ్చేది. ఇంటికి పోంగనే అత్త వాకిట్ల నీళ్లు పెట్టి, తానం చేసినంకనే లోపలికి రానిచ్చేది. ఆమె బీడీలు చేసే అక్క. 20 ఏండ్లు చాట ముందల కూసున్న మనిషి.

మూడో రోజుకు ఆమె కోత మా అందరి కంటె సక్కగ వచ్చింది. ఎందుకు రాదు? నానిన తునికాకు మీద రేకు ముక్క పెట్టి, ఆ కొలతకు కత్తెరతోని ఆకు కోసుడు ఆమెకు కండ్లు మూసుకొని వచ్చిన పని. తోలు పనిల కూడా అంతే. అట్ట ముక్క పెట్టాలె, గీయాలె, కోయాలె. ఆకుల ఈనె ఎటుందో చూసి కోస్తం. తోలుల సాగు ఎటుందో చూసి కోస్తం. ఆకు వృథా కాకుండ ఎట్ల కలిపి కోస్తమో, తోలు కూడా అట్లనే కలిపి కోస్తం.

సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ దిక్కు నుంచి వచ్చిన అక్కలల్ల బీడీలు చేసినోళ్లు ఎందరున్నరో చేతులెత్తండి. చూసిన్రా? మీకు సగం పని ఇప్పటికే వచ్చు. జాకెట్లు కుట్టే అక్కలకు ఇంకో సగం వచ్చు. మిగిలింది తోలు గుణం తెలుసుకునుడు ఒక్కటే.

మన రెండు పాత జిల్లాలకు చేతి పనిల పేరు తక్కువేమీ కాదు. కరీంనగర్ వెండి తీగ పనికి, నిర్మల్ కొయ్య బొమ్మలకు, ఆదిలాబాద్ డోక్రా పనికి భౌగోళిక గుర్తింపు ఉన్నది. డోక్రా పోత పోసే ఉషెగావ్, కేస్లాగూడ చిన్న ఊర్లు. మరి తోలు పని ఇన్ని ఊర్లల్ల ఉండి కూడా పేరు లేకుండ ఎందుకు పోయింది? రబ్బరు చెప్పు, రెగ్జిన్ బ్యాగు, ప్లాస్టిక్ బకెట్ వచ్చినయి. మోటకు బదులు కరెంటు మోటరు వచ్చింది. ఇవన్నీ నిజమే. చేసేటోళ్లు కూడా తమ పిల్లలకు నేర్పొద్దు అనుకున్నరు. అది ఇంకా పెద్ద నిజం. మా బాపు నాకు నేర్పలే. నేను పెద్దయినంక, ఇద్దరు పిల్లల తల్లినయినంక, శిక్షణల నేర్చుకొని వచ్చి ఆయనకు చూపెట్టిన.

తోలు కొనేటప్పుడు చూసేవి

తోలు చదరపు అడుగు లెక్కన అమ్ముతరు. హైదరాబాద్‌ల దొరుకుతది. చెన్నైల పెరియమేట్ అనే పేట తోలు వ్యాపారానికి పేరున్న జాగ. బ్యాగులు కుట్టే కార్ఖానాలల్ల మిగిలిన ముక్కలు కిలో లెక్కన కూడా ఇస్తరు. నేర్చుకునేటప్పుడు ఆ ముక్కలే మేలు.

మొదటి సంచికి చెక్క రసంతో ఊనిన మేకతోలు గానీ, పలుచని ఆవుతోలు, బర్రెతోలు గానీ తీసుకోవాలె. మందం 1.2 నుంచి 1.5 మిల్లీమీటర్లు, అంటే దాదాపు రూపాయి బిళ్లంత. అంత కంటె మందం ఉంటే మడత పడదు, పలుచగ ఉంటే సంచి నిలబడదు.

ఎట్ల గుర్తు పట్టాలె? కోసిన అంచు చూడండి. చెక్కతో ఊనింది లోపల దాక గోధుమ రంగుల ఉంటది. క్రోమియం ఉప్పుతో ఊనిన దాని నడుమ చాలాసార్లు నీలి బూడిద రంగు చార కనబడుతది. రంగు వేయని చెక్కతోలు మీద ఒక నీటి చుక్క వేస్తే పీల్చుకొని నల్లబడుతది. క్రోము తోలు మెత్తగ ఉంటది, నీళ్లకు ఓర్చుకుంటది, కానీ దాని అంచును రుద్ది నునుపు చేసుడు కష్టం. ఇగ రెగ్జిన్‌ను తిప్పి చూస్తే వెనుక గుడ్డ నేత కనబడుతది. తోలు వెనుక పీచు కనబడుతది.

తోలంతా ఒక్క తీరుగ ఉండదు. వీపు భాగం గట్టిగ ఉంటది, పొట్ట భాగం సాగుతది. సంచి ముందు వెనుకలకు వీపు తోలే వాడాలె. రెండు చేతుల పట్టుకొని అటు ఇటు లాగి చూసి సాగు ఎటున్నదో తెలుసుకోవాలె. గోమార్లు కుట్టిన మచ్చలు, ముళ్లకంప గీరిన చారలు ఉంటే ఆ జాగ తప్పించి అట్ట పెట్టాలె.

పనిముట్లు

ఒక స్టీలు స్కేలు, ఒక పదునైన కట్టరు, ఒక ఆరె, రెండు మొద్దు మొన సూదులు, మైనం పట్టించిన దారం, కట్టె గూటం, బటన్ కొట్టే పంచి, గరుకు కాగితం, రబ్బరు సొల్యూషన్. ఇంతే. తోలు అంచు పలుచగ చెక్కే రంపె మొదటి సంచికి అక్కర లేదు. కుట్టు మిషన్ అసలే అక్కర లేదు. మేము 5 గురికి ఒక సెట్టు పెట్టుకున్నం. ఎవరూ మొదటి రోజే వేలకు వేలు పెట్టి కొనొద్దు.

సంచి కుట్టే వరుస

ఇది ఒక్క ముక్కతోని అయ్యే సంచి. వెడల్పు 11 సెంటీమీటర్లు, పొడవు 24. ఆ 24ల కింది 9 సెంటీమీటర్లు పైకి మడిస్తే ముందు జేబు అయితది. నడుమ 9 వెనుక భాగం. మిగిలిన 6 మూత. ఆధార్ కార్డు, ఏటీఎం కార్డు, మడిచిన నోట్లు, చిల్లర, తాళం చెవి పడుతయి. బొడ్ల చెక్కుకోవచ్చు.

ఒకటి. ముందు అట్ట కోయాలె. పెండ్లి కార్డు గానీ, పాత ఫైలు అట్ట గానీ సరిపోతది. అట్టను మడిచి, కార్డు లోపల పెట్టి, మూత వేసి చూడాలె. తప్పు ఉంటే అట్టల దొరకాలె, తోలుల దొరకొద్దు. అట్ట తప్పితే పోయేదేం లేదు, తోలు తప్పితే పైసలు పోతయి.

రెండు. గీత తోలు వెనుక వైపు గీయాలె. నునుపు వైపు బాల్‌పెన్నుతోని గీస్తే ఆ గీత పోదు. మూత మూలలు గుండ్రంగ రావాలంటే చేతి గాజు తీసి మూలకు పెట్టి గీయండి. దానికి వేరే పనిముట్టు అక్కర లేదు.

మూడు. కోత. తోలు కింద మందపాటి రబ్బరు షీటు గానీ చెక్క పలక గానీ ఉండాలె. స్కేలు గట్టిగ నొక్కి పట్టి, ఒక్కసారే తెగాలని బలం పెట్టకుండ, అదే గీత మీద రెండు మూడు సార్లు మెల్లగ కోయాలె. స్కేలు పట్టిన వేళ్లు అంచు దాటొద్దు. మొద్దు బ్లేడే చెయ్యి తెగగొడుతది, పదును బ్లేడు కాదు. ఎందుకంటే మొద్దు దానికి బలం పెడుతం, బలం పెడితే జారుతది.

నాలుగు. సంచి మూతి, అంటే ముందు జేబు పై అంచు, దాన్ని ఇప్పుడే నునుపు చేయాలె. గరుకు కాగితంతో రుద్ది, కొంచెం నీటి తడి చేసి, మందపాటి బట్టతో గానీ నున్నటి కట్టెతో గానీ వేడెక్కేదాక రుద్దాలె. తర్వాత మైనం పట్టించి మళ్ల రుద్దాలె. కుట్టినంక ఈ అంచుకు చెయ్యి సరిగ పోదు.

ఐదు. టిచ్ బటన్ కింది భాగం కూడా కుట్టుకు ముందే కొట్టాలె. కుట్టినంక సంచి లోపల ఇనుప దిమ్మ పట్టదు. జాగ ఎట్ల చూసుకోవాలె? తోలును మడిచి, లోపల 2, 3 కార్డులు పెట్టి, మూత వేసి, మూత కొన నుంచి సెంటీమీటరున్నర పైన ఆరెతో కొద్దిగ పొడిస్తే ముందు భాగం మీద గుర్తు పడుతది. ఖాళీ సంచి మీద గుర్తు పెడితే తర్వాత నిండు సంచికి మూత అందదు. మనం ఇంటికి కుండ మూత కొన్నట్టే, నిండు కుండ చూసి కొనాలె.

ఆరు. రెండు పక్కల అంచులకు 4 మిల్లీమీటర్ల మేర గరుకు కాగితం రుద్ది, సొల్యూషన్ పలుచగ రాసి, చేతికి అంటనంత ఆరినంక అతికించి గూటంతో తట్టాలె. సొల్యూషన్ డబ్బా పొయ్యి దగ్గర, దీపం దగ్గర పెట్టొద్దు, అంటుకుంటది. తలుపులు మూసిన గదిల వాడొద్దు. ఆ వాసన పీల్చుడు మంచిది కాదు. పిల్లలకు అందకుండ పెట్టాలె. ఈ మాట నేను ప్రతి శిక్షణల రెండుసార్లు చెప్త.

ఏడు. రంధ్రాలు. అంచుకు 4 మిల్లీమీటర్ల లోపల ఒక గీత గీసి, దాని మీద 4 మిల్లీమీటర్లకు ఒకటి లెక్కన గుర్తులు పెట్టాలె. పంటి పంచి లేకుంటే టైలర్ల పండ్ల చక్రం దొర్లించండి, చుక్కలు పడుతయి. ఆ చుక్కల మీద ఆరెతో నిటారుగ పొడవాలె. ఒక్కో పక్క 9 సెంటీమీటర్లకు 22 గానీ 23 గానీ రంధ్రాలు వస్తయి.

ఎనిమిది. కుట్టు. ఒక్క దారం, రెండు సూదులు, దారం రెండు కొనలకు ఒక్కో సూది. ఒక్కో పక్కకు అర మీటరు దారం సరిపోతది. మొదటి రంధ్రంల దారం సగానికి వచ్చేటట్టు లాగాలె. తర్వాత ప్రతి రంధ్రంల రెండు సూదులు ఎదురెదురుగ పోవాలె. ముందు కుడి చేతి సూది, తర్వాత ఎడమ చేతి సూది. ఏది ముందు పోతే అదే ప్రతిసారి ముందు పోవాలె. ఒకసారి అది, ఒకసారి ఇది అయితే కుట్టు వంకరగ కనబడుతది. రెండో సూది మొదటి దారాన్ని పొడవకుండ చూసుకోవాలె. రెండు చేతుల బలం సమానంగ ఉండాలె.

ఈ కుట్టును గుర్రపు జీనులు కుట్టేటోళ్ల కుట్టు అంటరు. మిషన్ కుట్టుల ఒక చోట తెగితే పక్క కుట్లు కూడా ఊడిపోతయి. ఈ కుట్టుల ఒక దారం తెగినా, అదే రంధ్రంల నుంచి పోయిన రెండో వరుస పట్టుకొని ఉంటది. ఇందాక లాగి చూడండి అన్నది అందుకే.

చివర 2, 3 రంధ్రాలు వెనుకకు కుట్టి దారం కోయాలె. పాలిస్టర్ దారమయితే అగరొత్తి కొన తాకిస్తే కరిగి ముడి పడుతది. నూలు దారమయితే చుక్క బంక పెట్టాలె.

తొమ్మిది. మూత వేసి పైబటన్ జాగ మళ్లొకసారి చూసుకొని కొట్టాలె. మిగిలిన అంచులన్నీ నాలుగో మాటల చెప్పినట్టే రుద్దాలె. ఇక్కడ ఓపిక లేని సంచి 50 రూపాయలది లెక్క కనబడుతది. ఓపిక ఉన్న సంచి 200 రూపాయలది లెక్క కనబడుతది. తోలు అదే, దారం అదే.

మొదటి సంచికి 4 గంటలు పడితే కంగారు పడొద్దు. పదో సంచికి గంటన్నరకు వస్తరు.

నాకు తగిలిన దెబ్బ

మంచి మాటలే చెప్పి పోతే మోసం చేసినట్టయితది. నాకు తగిలిన దెబ్బ కూడా వినండి.

నేర్చుకున్న రెండో ఏడు ఒక పెండ్లికి వచ్చిన చుట్టాలకు పంచేటందుకు 60 సంచులు కావాలని ఆర్డరు వచ్చింది. సంఘం నుంచి అంతర్గత అప్పు తీసుకొని తోలు తెచ్చిన. 4 గురం కూసొని కుట్టినం. వానకాలం. అంచులు తడి చేసి రుద్దినంక పూర్తిగ ఆరనియ్యలే, తొందర పడ్డం. సక్కగ కనబడాలని ఒక్కోటి ప్లాస్టిక్ కవరుల పెట్టి మూతి అతికించినం. వారం రోజులకు వాళ్లు కవర్లు విప్పిచూస్తే సంచుల మీద తెల్లటి బూజు. 60కి 60 వాపసు వచ్చినయి.

ఆ రాత్రి నాకు అన్నం పోలే. నా పైసలు పోతే పోయినయి, సంఘం పైసలు పోయినయే అని. మరునాటి సమావేశానికి పోవాలంటే కాళ్లు రాలే. తప్పించుకోవద్దని పోయిన. జరిగింది జరిగినట్టు చెప్పిన. ఎవరన్న నన్ను తిట్టి ఉంటే నాకు సులువయ్యేది. వాళ్లు సంచులు తెమ్మన్నరు. అందరు కలిసి పొడిబట్టతో తుడిచి, నీడకు గాలికి ఆరబెట్టి, మైనం పట్టించిన్రు. 41 బాగయినయి, తక్కువ ధరకు అమ్మినం. 19 పనికి రాకపాయె. అప్పు తీర్చేటందుకు నాకు 7 నెలలు పట్టింది. ఆ రోజు సంచులు తుడిచిన వాళ్లల్ల, అంతకు ముందు నా శిక్షణకు రాననోళ్లు 5 గురు ఉన్నరు. చేతికి తోలు అంటింది, ఏం కాలేదు.

అందుకే చెప్తున్న. తోలును ప్లాస్టిక్‌ల మూయొద్దు. పాత చీర గుడ్డల చుట్టాలె గానీ, కాగితం సంచిల పెట్టాలె గానీ. వానకాలం పని ఒక రోజు ఎక్కువ ఆరబెట్టాలె. ఎర్రటి ఎండల పెట్టినా చెడిపోతది, గట్టిపడి పగులుతది. పొడిచోట, గాలి తగిలేచోట ఉంచాలె.

ఇగ లెక్క

కాగితం తేలేదన్న గానీ లెక్క తేలేదనలే. ఇది ఉదాహరణ లెక్క. మీ దగ్గర ధర వేరేగ ఉంటే ఆ అంకెలు మార్చి వేసుకోండి.

10 సంచులకు, కోతల వృథా పోను, 4 చదరపు అడుగుల తోలు పట్టుతది. అడుగు 120 రూపాయలు అనుకుందాం. 480. బటన్లు 50. దారం, మైనం 40. సొల్యూషన్, గరుకు కాగితం 30. అంతా కలిపి 600. సంచికి 60 రూపాయలు. పాడైన ముక్కలకు, పనిముట్ల అరుగుదలకు సంచికి 10 వేయండి. 70 అయింది.

ఇక్కడ మనం అందరం ఆగిపోతం. 70 పడ్డది, 100కు అమ్మిన, 30 మిగిలింది అని సంబురపడుతం. ఆ 30 మిగులు కాదు అక్కా. గంటన్నర కూసున్న నీ నడుముకు వచ్చిన కూలి. గంటకు 20 రూపాయలు. అంతకు చేసేదుంటే బీడీల చాట ముందలి నుంచి లేచి ఇటు వచ్చుడెందుకు?

గంటకు 60 రూపాయల కూలి వేసుకోండి. గంటన్నరకు 90. సంచి అసలు ఖర్చు 160. మేళాల పెడితే బస్సు కిరాయి, తిండి ఉంటది. దుకాణంల పెడితే వాళ్లు 20 శాతం తీసుకున్నరనుకుందాం. 220కి అమ్మితే 44 వాళ్లకు పోతది, 176 మనకు వస్తది. 160 పోను 16 రూపాయలు సంఘం పేరు మీద నిజమైన మిగులు. 220 కంటె తక్కువకు అడిగితే దండం పెట్టి పంపియ్యండి. ఆ ధర రావాలంటే అంచు నున్నగ ఉండాలె, కుట్టు ఒక్క తీరుగ ఉండాలె. ధర అడిగే ధైర్యం నోట్ల నుంచి రాదు, చేతుల నుంచి వస్తది.

ఇంకోటి. రుణం వస్తుంది కదా అని మొదలే మిషన్లు కొనొద్దు. 10 సంచులు చేతితో కుట్టండి. 10 తెలియని వాళ్లకు అమ్మండి. చుట్టాలకు అమ్మింది లెక్కకు రాదు. ఆ పదీ అమ్ముడు పోయినంక అప్పు మాట మాట్లాడుకుందాం.

బయట ఏం జరుగుతున్నది

ఇది బతికే పనేనా అని అడుగుతరు. సత్యసాయి జిల్లా నిమ్మలకుంట అనే ఊరు ఉన్నది. తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలవి. ఆట చూసేటోళ్లు తగ్గినంక వాళ్లు అదే తోలు మీద, అదే రంగులతో దీపం తొడుగులు, గోడ బొమ్మలు చేసుడు మొదలు పెట్టిన్రు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008ల భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020ల పద్మశ్రీ ఇచ్చిన్రు. బెంగాల్‌ల శాంతినికేతన్ తోలు సంచులు ఉన్నయి. తోలు మీద మైనం అద్దకపు పని చేస్తరు, వాటికీ గుర్తింపు ఉన్నది. 

కొల్హాపూర్ చెప్పులకు 2019ల గుర్తింపు వచ్చింది. 2025 జూన్‌ల ఇటలీ దేశపు ప్రాడా అనే పెద్ద కంపెనీ అచ్చం అలాంటి చెప్పులను మిలాన్ పట్నంల చూపెట్టింది, మన దేశం పేరు చెప్పలే. ఇక్కడి నుంచి అడిగేసరికి భారతదేశపు చేతి చెప్పుల నుంచే స్ఫూర్తి తీసుకున్నమని ఒప్పుకున్నది. ఏ పనిని మన ఊరు తక్కువ చేసి చూసిందో, ఆ పనిని అంత దూరం వాళ్లు వేదిక ఎక్కించిన్రు. ఆ పేరు, ఆ పైసలు ఎవరికి పోవాలె అన్నదే ఇప్పుడు మన ముందున్న ప్రశ్న. పేరు లేని పని ఎవరైనా ఎత్తుకపోతరు. అందుకే సంచి లోపల మీ సంఘం పేరు అచ్చు వేయండి.

మీ ఊర్ల ఆరె పట్టిన ముసలి చేతులు ఇంకా ఉండవచ్చు. పోయి అడగండి. పుక్యానికి అడగొద్దు, రోజు కూలి ఇచ్చి, కుర్చీ వేసి, నేర్పమనండి. శిక్షకులకు ఇచ్చే గౌరవమే వాళ్లకూ ఇయ్యాలె. ఈ పని ఇప్పుడు అన్ని కులాల అక్కలు నేర్చుకోవాలని నేను అంటున్న. కానీ దాన్ని ఇన్నేండ్లు మోసినోళ్లు ముందు వరుసల ఉండాలె. లాభం వచ్చే నాటికి వాళ్లు వెనుకకు పోవద్దు.

ఆ తప్పు

సంచి వెనుక వరుస దాక పోయిందా? ఎవరన్న పట్టిన్రా?

(వెనుక నుంచి ఒక సభ్యురాలు: "మూతి గరుకుగ ఉన్నదక్కా.")

శభాష్ చెల్లె. అదే. నాలుగో మాటల చెప్పిన మూతి అంచు. ఇది నేను కుట్టిన మొట్టమొదటి సంచి. కుట్టినంక గుర్తుకొచ్చింది, అప్పటికి చెయ్యి పట్టలే. మా బాపుకు చూపెడితే తిప్పి తిప్పి చూసి, "మూతి మర్చినవ్ బిడ్డా" అన్నడు. ఇంకేమీ అనలే. కొత్తది కుట్టిస్త, అది ఇటియ్యి అంటే ఇయ్యలే. ఆసరా పింఛను పైసలు అందుల్నే పెట్టుకొని బొడ్ల చెక్కుకునేది. జీవితమంతా ఊరికి తోలు వస్తువులు కుట్టిన మనిషి దగ్గర తనదని ఒక తోలు సంచి అప్పటి దాక లేకుండె. పోయిన ఏడు ఆయన పోయినంక అది తిరిగి నా దగ్గరికి వచ్చింది. కుట్టు ఒక్కటి ఊడలే.

వచ్చే నెల శిక్షణ 6 రోజులు. ఒక్కో గ్రామ సంఘం నుంచి ఇద్దరు. తీర్మానం పుస్తకంల పేర్లు రాసి, సంతకాలు పెట్టి, సీసీ దగ్గర ఇయ్యండి. వచ్చేటప్పుడు ఒక పాత పెండ్లి కార్డు, ఒక చేతి గాజు, ఒక పాత నూలు చీర ముక్క తెచ్చుకోండి. మిగిలినవి నేను తెస్త.

సంచి మాత్రం ఎవరూ ఉంచుకోవద్దు. ముందుకు పంపియ్యండి.